దూరదేశపు యుద్ధం, మన నాలుక

 

దైవప్రవక్త (సఅసం) మక్కాలో ఉన్న రోజుల్లో అక్కడి వీధుల్లో పరదేశాల రాజకీయం మీద పెద్ద వాదమే నడిచింది. ఆనాటి లోకంలో అగ్రరాజ్యాలు రెండు. ఒకటి రోమ్, రెండోది పర్షియా. క్రీ.శ. 614లో పర్షియా సేనలు రోమన్ల చేతిలో ఉన్న బైతుల్ మఖ్దిస్ నగరాన్ని పట్టుకున్నాయి. రోమన్ల ఓటమి వార్తలు మక్కాకు చేరాయి. అగ్నిపూజకులైన పర్షియన్లు గెలిచారని బహుదైవారాధకులు సంబరపడ్డారు. గ్రంథప్రజలైన రోమన్లు ఓడిపోయారని ముస్లింలు బాధపడ్డారు. మా వంటి వాళ్ళు మీ వంటి వాళ్ళను ఓడించారు, రేపు మీ గతీ అంతే అని ఖురైషీలు ఎత్తిపొడిచారు. అప్పుడే సూరె అర్ రూమ్ అవతరించింది. రోమన్లు ఓడిపోయారు, కాని కొన్ని సంవత్సరాల్లోనే వాళ్ళు మళ్ళీ గెలుస్తారని అల్లాహ్ అందులో తెలియజేశాడు.

కనుక లోకవ్యవహారాలు మనకెందుకు, నమాజు చదువుకుని ఇంట్లో కూర్చుంటే చాలదా అనేవారి మాట ఖుర్‌ఆన్ పద్ధతికి సరిపోదు. రెండు అగ్రరాజ్యాల యుద్ధాన్ని ప్రస్తావించిన గ్రంథం మనది.

అయితే ఈ సంఘటనలోనే మనం సాధారణంగా గమనించకుండా దాటిపోయే ఒక విషయం ఉంది. హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) ఆ ఆయతులు విని ఖురైషీల వద్దకు వెళ్ళారు. రోమన్లు గెలుస్తారని ధైర్యంగా ప్రకటించి వాళ్ళతో పందెం కూడా వేశారు. అప్పటికి జూదం నిషేధం కాలేదు. గడువు ఎన్నేళ్ళు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన ఒక సంఖ్య చెప్పారు. ఉల్లేఖనాల్లో ఒకచోట అయిదేళ్ళు అని, మరోచోట ఆరేళ్ళు అని ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆయన్ని సరిదిద్దారు. ఆయతులో వచ్చిన 'బిద్అ' అనే పదం మూడు మొదలు తొమ్మిది వరకు వర్తిస్తుంది, గడువు ఇంకా పెంచి ఉండవలసిందని చెప్పారు. బద్ర్ యుద్ధం నాటికి రోమన్ల విజయవార్త వచ్చిందని ఉల్లేఖనాల్లో ఉంది.

చూడండి! వార్త అల్లాహ్ ఇచ్చినది, చెప్పినవారు సిద్దీఖ్ బిరుదు పొందినవారు. అయినా అల్లాహ్ చెప్పిన దానికి తమ వైపు నుంచి ఒక సంఖ్య జోడించగానే అది పొరపాటు అయింది. ఇక మనకు వార్త ఇస్తున్నది ఎవరు? దానికి మనం జోడిస్తున్నవి ఎన్ని?

ఈ మధ్య మన ఇళ్ళలో, మసీదు ఆవరణల్లో, టీ బల్లల దగ్గర, ముఖ్యంగా రాత్రిపూట ఫోన్లలో నడిచే వాదాలు మీకు తెలిసినవే. అమెరికా అధ్యక్షుడు ఏం చేస్తాడు, ఎవరు గెలిస్తే ముస్లింలకు మేలు, ఎఫ్-35 విమానాన్ని ఏ రాడార్ పసిగడుతుంది, ఏ క్షిపణి ఏ రక్షణ వ్యవస్థను ఛేదిస్తుంది, విమానవాహక నౌకను ముంచడం సాధ్యమా కాదా. పదో తరగతి కుర్రవాడు మొదలు రిటైరైన మాస్టారు దాకా అందరూ సేనాధిపతులే. ఫజర్ నమాజుకు లేవలేనంతగా రాత్రి రెండింటి వరకు వాదిస్తున్న యువకులు ఉన్నారు. అమెరికాను తిట్టేవారిలోనూ ఉన్నారు, పొగిడేవారిలోనూ ఉన్నారు.

ఈ విషయంలో మనకు ఆదేశం లేకపోతే వేరే సంగతి. సూరె అల్ హుజురాత్ ఆరో ఆయతులో స్పష్టమైన ఆదేశం ఉంది. నమ్మదగని మనిషి ఏదైనా వార్త తెస్తే విశ్వాసులు దాన్ని విచారించి తెలుసుకోవాలి. లేకపోతే తెలియక ఒక జాతి ప్రజలకు నష్టం కలిగించి, ఆ తరువాత చేసిన పనికి పశ్చాత్తాపపడే స్థితి వస్తుంది. దీని నేపథ్యం కూడా ఖుర్‌ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. బనూ ముస్తలిఖ్ తెగ దగ్గర జకాత్ వసూలు చేయడానికి ఒక వ్యక్తిని పంపారు. ఎదురొచ్చి స్వాగతం చెప్పడానికి ఆ తెగవాళ్ళు గుంపుగా బయలుదేరారు. ఆ గుంపును చూసి అతను భయపడి, దారిలోంచే వెనక్కి తిరిగొచ్చి, వాళ్ళు జకాత్ నిరాకరించారని, తనను చంపబోయారని చెప్పాడు. వాళ్ళ మీదకు సైన్యాన్ని పంపే మాట కూడా వచ్చింది. ఇంతలో ఆ తెగ ప్రతినిధులే మదీనాకు వచ్చి నిజం చెప్పారు. గుంపు ఒక్కటే. అతను చూసింది దాడి, వాళ్ళు బయలుదేరింది స్వాగతానికి.

ఆయతును మరోసారి మనసులో తలచుకోండి. వార్తను పారేయండి అనలేదు, నమ్మండి అనీ అనలేదు. విచారించండి అంది. ఎందుకో కూడా చెప్పింది. ఒక జాతి ప్రజలకు తెలియక హాని జరగకూడదని.

కాబూల్‌లో నీళ్ళ డబ్బాలు

పధ్నాలుగు వందల ఏళ్ళనాటి ఈ మాటకు మన కాలంలోనే కళ్ళముందు జరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. 2021 ఆగస్టులో అమెరికా సేనలు ఆఫ్ఘనిస్తాన్ నుంచి వెళ్ళిపోతున్నాయి. ఆగస్టు 26న కాబూల్ విమానాశ్రయం దగ్గర ఆత్మాహుతి దాడి జరిగి 13 మంది అమెరికన్ సైనికులు, సుమారు 170 మంది ఆఫ్ఘన్లు చనిపోయారు. మరో దాడి జరగబోతోందని సమాచారం వచ్చింది. 29వ తేదీన ఒక తెల్లని టయోటా కారును డ్రోన్ విమానాలు దాదాపు ఎనిమిది గంటలు ఆకాశం నుంచి వెంటాడాయి. కారు ఆగిన చోట్లు, ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు, అందులో పెట్టిన డబ్బాలు అన్నీ తెరమీద కనిపించాయి. డబ్బాల్లో పేలుడు పదార్థం ఉందనుకున్నారు. సాయంత్రం కారు ఒక ఇంటి వాకిట్లోకి వెళ్తుండగా క్షిపణి వేశారు. ఆ దాడి న్యాయమైనదేనని కొద్దిరోజుల తరువాత అమెరికా సైన్యంలోని అత్యున్నతాధికారి అన్నాడు.

ఆ కారు నడిపినవాడు ఒక సహాయ సంస్థలో పనిచేసే మనిషి. కారులో పెట్టినవి నీళ్ళ డబ్బాలని, నీటి కరువులో ఇంటివాళ్ళ కోసం నింపుకుని వస్తున్నాడని తరువాత పత్రికల పరిశోధనలో తేలింది. నాన్న కారు వచ్చిందని పిల్లలు ఎదురు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు, వాళ్ళలో ఏడుగురు పిల్లలు. సెప్టెంబరు 17న అమెరికా సైన్యం అది ఘోరమైన పొరపాటని ఒప్పుకుంది.

ఎనిమిది గంటలు చూశారు. ప్రపంచంలో ఇంతకంటే పదునైన కన్ను ఏ సైన్యం దగ్గరా లేదంటారు. అయినా కన్ను చూసినదానికి మనసు అర్థం జోడించింది. బనూ ముస్తలిఖ్ గుంపును చూసిన మనిషికీ, ఈ తెర ముందు కూర్చున్నవారికీ జరిగింది ఒకటే. తేడా ఏమిటంటే మదీనాలో ఆయతు వచ్చి ఆపింది.

ఇరాక్ సంగతీ చూడండి. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో కూర్చుని, ఇరాక్ దగ్గర లారీల మీద తిరిగే జీవాయుధ ప్రయోగశాలలు ఉన్నాయని చెప్పాడు. బొమ్మలు గీయించి చూపించాడు. ఈ లారీల సమాచారానికి ప్రధాన ఆధారం జర్మనీలో ఆశ్రయం పొందిన ఒక ఇరాకీ చెప్పిన కథ. తాను అబద్ధం చెప్పానని ఆ వ్యక్తే 2011లో ఒప్పుకున్నాడు. మార్చిలో యుద్ధం మొదలైంది. ఇరాక్ అంతా వెతికించిన అమెరికా బృందమే 2004లో ఆ ఆయుధ నిల్వలు లేవని నివేదిక ఇచ్చింది. ఆ ప్రసంగం తన పేరు మీద మచ్చగా మిగులుతుందని పావెల్ 2005లో స్వయంగా అన్నాడు. నమ్మదగని ఒక్క మనిషి తెచ్చిన వార్త, విచారణ లేకపోవడం, ఒక జాతికి నష్టం, ఆపైన పశ్చాత్తాపం. ఆయతులో ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే జరిగింది.

ఈ ఉదాహరణలు చెబుతుంటే మనలో చాలామందికి బాగానే ఉంటుంది. అమెరికా తప్పు చేసింది కదా అని తల ఊపుతాం. సోదరులారా, ఆయతు సంబోధించింది వాషింగ్టన్‌ను కాదు. విశ్వసించినవారిని. వాళ్ళ చేతిలో క్షిపణి ఉంది, మన చేతిలో ఫోన్ ఉంది. విచారించకుండా వదలడంలో మాత్రం ఇద్దరం ఒకే దారిలో నడుస్తున్నాం.

లెక్కలు ఎవరివి?

ఆయుధాల శక్తి గురించి పందెం కట్టి మాట్లాడేవారికి 1991 నాటి ఒక సంగతి చెప్పాలి. గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ స్కడ్ క్షిపణులను అడ్డుకోవడానికి అమెరికా పేట్రియాట్ వ్యవస్థను నిలబెట్టింది. ఫిబ్రవరి 15న అధ్యక్షుడు జార్జి బుష్ (పెద్ద బుష్) ఆ క్షిపణులు తయారుచేసే కర్మాగారానికి వెళ్ళి 42 స్కడ్‌లలో 41ని అడ్డుకున్నామని ప్రకటించాడు. లోకమంతా నమ్మింది. యుద్ధం అయ్యాక సైన్యం ఆ లెక్కను తగ్గించింది, మళ్ళీ తగ్గించింది. చివరికి 1992లో అమెరికా పార్లమెంటుకు చెందిన తనిఖీ సంస్థ పరిశీలిస్తే, స్కడ్ తలభాగాన్ని నాశనం చేసినట్టు బలమైన సాక్ష్యం దొరికినవి సుమారు 9 శాతమే.

ఆ ప్రకటన తరువాత పదిరోజులకే, ఫిబ్రవరి 25న, సౌదీలోని దహ్రాన్‌లో ఒక స్కడ్ వచ్చి సైనికుల బస మీద పడి 28 మంది అమెరికన్లు చనిపోయారు. దమ్మామ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్ళకు దహ్రాన్ బాగా తెలిసిన చోటు. అక్కడి పేట్రియాట్ అప్పటికి వంద గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. దాని కంప్యూటర్ కాలాన్ని లెక్కించే తీరులో చిన్న లోపం ఉంది. వంద గంటలకు ఆ లోపం పేరుకుని సెకనులో మూడో వంతు తేడా వచ్చింది. స్కడ్ వేగానికి సెకనులో మూడో వంతు అంటే అర కిలోమీటరు పైమాటే. యంత్రం చూడవలసిన చోట చూడకుండా పక్కన చూసింది, అక్కడ ఏమీ కనిపించలేదు. లోపం ఉందని అంతకుముందే తెలుసు. సరిదిద్దిన ప్రోగ్రామ్ దహ్రాన్‌కు చేరింది, మర్నాడు.

దాన్ని తయారుచేసినవారి, నడిపినవారి, ప్రకటించినవారి లెక్కే అలా తప్పింది. 2025 జూన్ 22న అమెరికా ఏడు బి-2 విమానాలతో ఇరాన్ అణు కేంద్రాల మీద 14 బాంబులు వేసినప్పుడూ ఇదే చూశాం. ఒక్కో బాంబు 13 టన్నులకు పైగా బరువు. పూర్తిగా తుడిచిపెట్టామని అధ్యక్షుడు ట్రంప్ అన్నాడు. నష్టం కొన్ని నెలల వెనకడుగు మాత్రమేనని వాళ్ళ సైనిక గూఢచారి సంస్థ తొలి అంచనా బయటికి పొక్కింది. వాళ్ళలో వాళ్ళకే కుదరని లెక్కను మన వీధి చివర ఇద్దరు స్నేహితులు ఒక్క రాత్రిలో తేల్చేశారు, ఒకరినొకరు మూర్ఖుడని కూడా తేల్చుకున్నారు.

విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి సరిపోతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఇందులో ఉన్న భయం గమనించండి. అబద్ధం అల్లినవాడి గురించి కాదు ఈ మాట. విన్నది విన్నట్టు అందించినవాడి గురించి. నేను కల్పించలేదు, నాకు వచ్చింది పంపాను అనే సాకును ఈ హదీసు ముందే మూసేసింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఏం చేశారో సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (సఅసం) తమ భార్యలకు తలాఖ్ ఇచ్చేశారని మదీనాలో వదంతి పుట్టింది. ఉమర్ (రజి) మసీదులోకి వెళ్ళేసరికి జనం దిగాలుగా కూర్చుని గులకరాళ్ళను నేలకేసి కొడుతూ అదే చెప్పుకుంటున్నారు. ఆయన వాళ్ళ మధ్య కూర్చుని ఇంకో మాట కలపలేదు. లేచి దైవప్రవక్త (సఅసం) ఉన్న మేడగది దగ్గరకు వెళ్ళి అనుమతి అడిగారు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగారు. మూడోసారి గొంతు పెంచి అడిగారు. లోపలికి వెళ్ళి, తలాఖ్ ఇచ్చారా అని నేరుగా ప్రశ్నించారు. లేదన్నారు. ప్రజలకు చెప్పమంటారా అని అడిగి, అనుమతి తీసుకుని, మసీదు ద్వారం దగ్గర నిలబడి ఎలుగెత్తి ప్రకటించారు. శాంతికి గాని, భయానికి గాని సంబంధించిన కబురు రాగానే చాటేసేవారిని మందలించే సూరె అన్ నిసా 83వ ఆయతు ఈ సందర్భంలోనే వచ్చింది. తెలిసినవారి దగ్గరకు ఆ కబురును తీసుకెళ్ళి ఉంటే నిజం రాబట్టగలవాళ్ళు రాబట్టేవారని ఆ ఆయతు బోధిస్తోంది.

మూడుసార్లు తలుపు దగ్గర నిలబడే ఓపిక మనకుందా? మనకు తలుపులూ తక్కువేమీ కాదు. ఒక దృశ్యం ఎప్పటిదో, ఎక్కడిదో ఐదు నిమిషాలు వెతికితే చాలాసార్లు తెలిసిపోతుంది. ఆ ఐదు నిమిషాలే కరువు.

ద్వేషంలోనూ న్యాయం

ఇక్కడ ఇంకో సంగతి. ఒక జాతి మీద ఉన్న పగ మిమ్మల్ని అన్యాయానికి ఉసిగొల్పకూడదు, న్యాయమే చేయండి, అదే దైవభీతికి దగ్గర అని సూరె అల్ మాయిద ఎనిమిదో ఆయతు ఆదేశం. అమెరికా అనే పేరుతో ముప్పై కోట్ల పైచిలుకు జనాన్ని ఒకే ముద్దగా చేసి శపించేవారు ఈ ఆయతు ముందు ఆగాలి. 2001 సెప్టెంబరు 14న అధ్యక్షుడికి యుద్ధాధికారం ఇచ్చే తీర్మానం దిగువ సభకు వచ్చినప్పుడు 420 మంది అవునన్నారు. కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ అనే సభ్యురాలు ఒక్కతే కాదంది. దేశమంతా కోపంతో ఊగిపోతున్న వారం అది. 2002 అక్టోబరులో ఇరాక్ యుద్ధ తీర్మానాన్ని దిగువ సభలో 133 మంది, సెనేట్‌లో 23 మంది వ్యతిరేకించారు. కాబూల్ నీళ్ళ డబ్బాల నిజాన్ని వెలికితీసింది కూడా అమెరికా పత్రికలవాళ్ళే. వాళ్ళ ప్రభుత్వం చెప్పిన మాటను వాళ్ళే విచారించారు. ఆ పని మనం చేయవలసినది కదా అని మాకు సిగ్గు కలిగింది.

ముస్లింలకు ముస్లింలతో వాదం వచ్చినప్పుడు సంగతి మరీ చేదుగా ఉంటోంది. అమెరికాలో ఉన్న మన సోదరుల మధ్య జరిగినదే చూడండి. 2000 అక్టోబరులో అక్కడి ప్రధాన ముస్లిం సంస్థల ఉమ్మడి మండలి జార్జి డబ్ల్యూ. బుష్‌ను బలపరిచింది. అదే అధ్యక్షుడి కాలంలో ఇరాక్ యుద్ధం జరిగింది. ఆనాడు బలపరిచినవారిని ద్రోహులంటామా? వాళ్ళకు తెలిసినంతలో మేలనుకున్నది చేశారు. 2024లో గాజా దుఃఖం గుండెల్లో పెట్టుకుని మళ్ళీ ఓటు వేయవలసి వచ్చింది. ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్ర ప్రాథమిక ఎన్నికల్లో లక్ష మందికి పైగా ఎవరికీ కట్టుబడలేదని తమ అసమ్మతి నమోదు చేశారు. నవంబరులో అరబ్బులు అధికంగా ఉన్న డియర్‌బోర్న్ పట్టణంలో ట్రంప్‌కు సుమారు 42 శాతం, కమలా హారిస్‌కు 36 శాతం, మూడో అభ్యర్థి జిల్ స్టైన్‌కు 18 శాతం ఓట్లు వచ్చాయి. ఒకే మసీదులో ఒకే సఫ్‌లో నిలబడేవారు, ఒకే దుఃఖంతో, మూడు దారుల్లో వెళ్ళారు. ఆ తరువాత ఒకరినొకరు మునాఫిఖులనుకున్నవారూ ఉన్నారు. వాళ్ళ వాదాన్ని ఇక్కడ కూర్చుని మన ఇళ్ళలో అరువు తెచ్చుకున్నవారూ ఉన్నారు. ఓటు హక్కే లేని ఎన్నిక కోసం!

ఖందఖ్ యుద్ధం ముగిసిన రోజున దైవప్రవక్త (సఅసం), బనూ ఖురైజా వాడకు చేరేదాకా ఎవరూ అస్ర్ నమాజు చేయవద్దని సహచరులను పంపారు. దారిలోనే అస్ర్ వేళ అయింది. త్వరగా వెళ్ళమనడమే ఆ మాట ఉద్దేశమని కొందరు దారిలోనే నమాజు చేశారు. మాట మాటే కదా అని మరికొందరు అక్కడికి చేరాకే చేశారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఏ ఒక్క పక్షాన్నీ మందలించలేదు. నమాజు వేళ విషయంలోనే రెండు అభిప్రాయాలకు చోటు దొరికితే, అమెరికా ఓటు విషయంలో దొరకదా?

మాకు తెలిసిన ఒక కుటుంబంలో అన్న డాలస్‌లో ఉంటాడు, తమ్ముడు గుంటూరులో. ఆ ఎన్నికల వాదంలో మాట మాట పెరిగి సలాములు ఆగిపోయాయి. మూడు రోజులకు మించి సోదరుడితో మాట మానేయడం ధర్మసమ్మతం కాదని, మొదట సలాం చేసినవాడే మేలైనవాడని హదీసు. వాళ్ళకు మూడు రోజులు కాదు, రమజాన్ వచ్చి ఈద్ వెళ్ళిపోయింది. ఈద్ రోజున తల్లి ఫోన్ పట్టుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది. గెలిచిన అధ్యక్షుడికిగాని, ఓడిన అభ్యర్థికిగాని ఆ ఇంటి పేరు కూడా తెలియదు. తన పక్షం న్యాయమైనదైనా వాదాన్ని వదిలేసినవాడికి స్వర్గం అంచున ఒక ఇంటికి తాను హామీ అని దైవప్రవక్త (సఅసం) వాగ్దానం చేశారు. 'న్యాయమైనదైనా' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. తప్పు మనదైతే వదలడానికి బహుమతి ఎందుకు? ఒప్పు మనదే అయినప్పుడు నోరు మూసుకోవడం కష్టం గనుకనే ఆ ఇల్లు.

అన్యాయాన్ని ఖండించవద్దని మేము అనడం లేదు. బాధితులకు సాయం పంపండి, దుఆ చేయండి, తెలిసిన నిజాన్ని తెలిసినంత వరకు మర్యాదగా చెప్పండి. వివేకంతో, మంచి ఉపదేశంతో, ఉత్తమమైన రీతిలో వాదించమనే ఖుర్‌ఆన్ బోధ.

ఇదంతా రాసే అర్హత మాకు ఎంత ఉందో చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ ఖతర్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీదికి క్షిపణులు పంపింది. ఆ వార్త నిజమే. ఆ రాత్రే మా ఫోన్‌కు ఒక దృశ్యం వచ్చింది. ఆకాశంలో నిప్పుల వాన, నేలమీద మంటలు, దోహా తగలబడుతోందని రాసి ఉంది. మేము చూశాం, గుండె ఝల్లుమంది, పదకొండు మందికి పంపాం. విచారించలేదు. హుజురాత్ సూరె మీద అప్పటికి ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు.

ఆ పదకొండు మందిలో మా వీధి ఖాలా కోడలు ఒకరు. ఖాలా కొడుకు దోహాలో డ్రైవరు. డ్యూటీలో ఉండి ఆ రాత్రి ఫోన్ ఎత్తలేదు. ఫజర్‌కు వెళ్తూ చూస్తే ఆ ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంది. ముసలామె జానమాజు మీద కూర్చునే తెల్లవార్లూ గడిపిందని తరువాత తెలిసింది. నిజానికి ఆ దాడిలో ప్రాణనష్టం జరగలేదు. పొద్దున కొడుకు తానే ఫోన్ చేశాడు, అమ్మీ, ఎందుకు ముప్పైసార్లు చేశావని.

తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడికి ఆ దృశ్యం చూపించాం. వాడు రెండు క్షణాలు చూసి నవ్వాడు. "మామూ, ఇది యుద్ధం కాదు, ఆట. కంప్యూటర్ ఆట. ఆర్మా 3. నేను మా స్నేహితుడింట్లో చూశాను" అన్నాడు. ఆ ఆటలోని దృశ్యాలను నిజమైన యుద్ధాలుగా తిప్పుతున్నారని దాన్ని తయారుచేసిన సంస్థే 2022లో ప్రకటించి ఉందట. పిల్లవాడికి తెలిసింది మాకు తెలియలేదు. అడగవలసిన తలుపు మా ఇంట్లోనే ఉంది.

సత్యాన్ని దాచినవారి తౌబా ఎలా ఉండాలో సూరె అల్ బఖర 160వ ఆయతు చెబుతుంది. పశ్చాత్తాపపడాలి, దిద్దుకోవాలి, స్పష్టంగా వెల్లడించాలి. మేము కప్పిపుచ్చింది సత్యాన్నే గనుక మాకూ అదే దారి అనుకున్నాం. మొదట ఖాలా ఇంటికి వెళ్ళాం. మేము పంపినది అబద్ధమని, మా వల్లనే మీ రాత్రి అలా గడిచిందని చెప్పాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నీకు ఎవరు పంపారు బేటా?" అని అడిగింది. ఆ ప్రశ్న మేము రాత్రే వేసుకుని ఉండవలసింది. ఆ శుక్రవారం జుమా తరువాత లేచి నిలబడి అందరి ముందు చెప్పాం. మిగిలిన పదిమందికి ఒక్కొక్కరికి ఫోన్ చేశాం. నలుగురు అప్పటికే ఇతరులకు పంపేశారు, వాళ్ళ జాబితాలు అడిగి తీసుకున్నాం. ఒకరు ఫోన్ ఎత్తలేదు. ఆ నెలలోనే జెద్దా వెళ్ళిపోయారని, నంబరు మారిందని తెలిసింది. ఆయన తమ్ముడు మా మసీదుకే వస్తాడు. కొత్త నంబరు అడుగుతూనే ఉన్నాం.